తొట్టిలో దూరే మనిషి

మా బావ హనోకును ఊళ్ళో పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అర టికెట్టు అనేవాళ్ళు. ముప్పై దాటినా, మీసం వచ్చినా, పెళ్ళయినా, సండూరు బస్సులో కండక్టరు ఆయన్ని చూసి "సగం కొట్టేదా అప్పా?" అని అడిగేవాడు. బస్సంతా నవ్వేది. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకో మాట వస్తుందని ఆయనకు తెలుసు.

ఖనిజం ఓడలెక్కి చైనాకు పోతున్న రోజులవి. మా కొండల చుట్టూ కాళ్ళూ చేతులూ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒక గనిలో పని దొరికేది. బావకు దొరకలేదు. ఒక మేస్త్రీ ఆయన పక్కన పారను నిలబెట్టి చూశాడట. "పారే నీకంటే పొడుగుండాది. దాన్నే పనిలో పెట్టుకుంటా, పో," అన్నాడట. ఇంటికొచ్చి ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు.

అక్క అంటే జ్ఞానకుమారి, ఆయన భార్య. మా అమ్మ పోయాక నేను వాళ్ళ దగ్గరే ఉన్నాను. ఖనిజం లారీలు రోడ్డంతా ఆక్రమించాక మా ఊరికి హైస్కూలు బస్సు రావడం మానేసింది. తొమ్మిదో తరగతి సగంలో నా చదువు ఆగింది.

మేమున్నది కోదండరామి పెరట్లో, లారీల షెడ్డు వెనక. కోదండరామి వాళ్ళు ఎన్నో తరాలుగా భూములున్నవాళ్ళు. బావ నాన్న సైలస్, కోదండరామి నాన్న దగ్గర బండి తోలేవాడు. ఆ కాలంలో ఇచ్చిన కొట్టమే మాకు మిగిలింది. దానికి బాడుగ లేదు. పిలిస్తే పలకడమే బాడుగ. పెద్దింట్లోంచి "రేయ్" అని వినపడితే బావ అన్నం ముద్ద కంచంలో వదిలి లేచేవాడు. "ఏయ్" అని వినపడితే అక్క లేచేది. సంచులు మోయాలన్నా, చచ్చిన కుక్కను పారేయాలన్నా, కోదండరామి తల్లి అక్కమ్మకు కాళ్ళు పట్టాలన్నా, వేళాపాళా లేదు. ఆదివారం గుడిలో ఆరాధన మధ్యలో వచ్చి పిలిచినా లేచి పోవలసిందే. పాస్టరుగారు కూడా ఆ కాసేపు వాక్యం ఆపి, మళ్ళీ మొదలుపెట్టేవారు.

గనుల పేలుళ్ళకు కొండల్లో ఊటలు ఎండిపోయాయి. కోదండరామి బోర్లు మాత్రం ఎండలేదు. ఆయన నీళ్ళ ట్యాంకర్లు కొని గనులకూ ఊళ్ళకూ నీళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. పైకొండ మీద కొత్తగా వచ్చిన పరిశోధన కేంద్రానికి నీళ్ళు తోలే కాంట్రాక్టు కూడా ఆయనకే దక్కింది. ఆ కేంద్రాన్ని మా ఊళ్ళో తొట్ల ఆఫీసు అనేవాళ్ళు. అక్కడ వంటగదిలో గిన్నెలు కడగడానికి నన్ను పెట్టుకున్నారు.

తొట్ల ఆఫీసులో ఏం చేస్తారో మొదట్లో ఎవరికీ తెలియదు. ఇనుప రేకు తొట్లు వరసలుగా నిలబెట్టారు. వాటిలో తాగే నీళ్ళ కంటే శుభ్రంగా వడగట్టిన నీళ్ళు నింపుతారు. ఆ నీళ్ళను ఎవరూ తాగరు, ఎవరూ ముట్టుకోరు. చుట్టుపక్కల ఊళ్ళల్లో బిందె నీళ్ళకు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నప్పుడు, ఇది విన్నవాళ్ళు ఆ ఆఫీసువాళ్ళకు పిచ్చి అనుకున్నారు.

అక్కడ పనిచేసే శ్రుతి మేడమ్ ఒకరోజు వంటగదిలో కాఫీ తాగుతూ నాకు చెప్పింది. ఆకాశంలో కొన్ని చోట్ల నుంచి గామా కిరణాలు వస్తాయి. అవీ వెలుగే గానీ కంటికి కనపడవు. ఆసుపత్రిలో ఎక్స్‌రే కంటే కోట్ల రెట్లు బలమైనవి. అవి నేల దాకా రావు. పైన గాలికి తగిలి చితికిపోయి, సన్నటి రేణువుల జల్లుగా కురుస్తాయి. మన తల మీద, అన్నం మీద, అన్నిటి మీదా కురుస్తూనే ఉంటాయి గానీ మనకు తెలియదు. ఆ రేణువు నీళ్ళలోంచి దూసుకుపోతే మాత్రం చిన్న నీలి మెరుపు పుడుతుంది. ఆ మెరుపును పట్టుకునే గాజు కళ్ళను తొట్టి అడుగున పెడతారు. ఏ తొట్టి ముందు మెరిసింది, ఏది తర్వాత మెరిసింది అని చూస్తే, ఆ జల్లు ఆకాశంలో ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

"తొట్లు కదలవు కదా మేడమ్, ఆకాశం అంతా ఎట్ల చూస్తాయి?" అని అడిగాను. నేను ఎవరినీ ఏమీ అడగని మనిషిని. ఆ రోజు ఎట్లా అడిగానో తెలియదు.

"భూమి తిరుగుతుంది కదా," అంది మేడమ్. "ఆకాశమే మన మీదుగా పోతుంది. పగలు, రాత్రి, మబ్బు, ఎండ, ఏదైనా సరే, ఇవి చూస్తూనే ఉంటాయి. ఎవరూ గమనించని చోటు ఏదైనా మిగిలిందా అని ఆకాశం మొత్తాన్నీ జల్లెడ పడతాయి. ఇక్కడ బాగా పనిచేస్తే మంచుకొండల మీద ఇంతకు పదింతలు కడతారు."

ఇదంతా జరగాలంటే తొట్టి లోపల చిమ్మచీకటి ఉండాలి. అందుకే ప్రతి తొట్టిలో మందమైన నల్ల ప్లాస్టిక్ సంచి వేసి, నీళ్ళు దానిలో నింపేవాళ్ళు. సంచికి సూది మొనంత చిల్లు ఉన్నా పని చెడుతుంది. గాజు కళ్ళకు కరెంటు ఉన్నప్పుడు పగటి వెలుతురు వాటికి తగిలిందంటే ఇక అంతే, అవి శాశ్వతంగా పోతాయి. వెలుతురు భయంతోనే తొట్లు చేయించినవాళ్ళు మూతులు బాగా ఇరుకుగా చేయించారు. వాటిలోంచి మనిషి దూరాలన్న సంగతి వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

మొదటి తొట్టి దగ్గర, లోపలికి దిగి సంచి చూడడానికి పనివాళ్ళు ఒక్కొక్కరూ ప్రయత్నించారు. భుజాల దగ్గర ఇరుక్కున్నారు. ఒకడికి చర్మం గీసుకుపోయింది. నీళ్ళ ట్యాంకరుతో వచ్చిన కోదండరామి ఇది చూసి పగలబడి నవ్వాడు. "ఉండండి, మా అర టికెట్టును తెస్తా," అన్నాడు. ఆయన దాన్ని తమాషాకే అన్నాడు. ట్యాంకరు క్యాబిన్‌లో బావను తెచ్చి దించినప్పుడు కూడా అందరూ తమాషాకే గుమిగూడారు.

బావ చొక్కా విప్పి మడిచి నా చేతికిచ్చాడు. ఒక చెయ్యి ముందు పైకెత్తి, రెండో చెయ్యి ఒంటికి ఆనించి, మూతిలోకి జారిపోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన పుట్టాక ఆయన్ని చూస్తూ జనం నవ్వకుండా ఉండడం అదే మొదలేమో.

అప్పటి నుంచి ఆయనకు అదే పని. సంచిలోకి గాలి కొట్టి ఉబ్బించేవాళ్ళు. బావ లోపల కూర్చునేవాడు. మూత మూసేవాళ్ళు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఉత్తగా కూర్చోవాలి. తర్వాత బయట ఒకరు పెద్ద లైటు పట్టుకుని తొట్టి చుట్టూ తిరుగుతారు. లోపల ఎక్కడైనా చుక్కంత వెలుతురు కనపడితే "ఈడ ఒకటుండాది," అని అరిచి, అక్కడ పట్టీ అతికించేవాడు. ఎండాకాలం ఆ రేకు తొట్టి పెనంలా కాలేది. బయటికి వచ్చేసరికి ఆయన ఒళ్ళు నీళ్ళలో ముంచి తీసినట్టుండేది. నేను మజ్జిగ ఇస్తే గటగటా తాగి, "చల్లగుండాది," అనేవాడు. 

కొన్నాళ్ళకు మేమందరం ఎదురుచూసే మాట ఒకటి వచ్చింది. తొట్లన్నీ నిండి, ఆగకుండా పనిచేయడం మొదలుపెడితే, వాటిని చూసుకోవడానికి ఒక పర్మినెంటు ఉద్యోగం ఇస్తారు. అది హనోకుకే ఇవ్వాలని శ్రుతి మేడమ్ పట్నంలో ఉండే పెద్దసారుతో మాట్లాడింది. ఉద్యోగంతోపాటు కొండ మీద ఒక గది, వంటిల్లు. బావ ఈ సంగతి ఇంట్లో గుసగుసగా చెప్పాడు. గోడకు అవతల లారీల డ్రైవర్లు ఉన్నారు.

అక్క పొయ్యిలో పుల్ల ఎగదోసింది. తర్వాత, "ఆడికి వచ్చి ఎవరూ పిలవరు కదా?" అని అడిగింది.

"ఎవరొస్తారు అంత పైకి," అన్నాడు బావ.

"మధ్యలో లేవకుండా అన్నం తినొచ్చు."

"తినొచ్చు."

ఆ ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి అక్క లేచి నిలబడింది. నోరు తెరిచి, ఎవరెవరు వింటున్నారో అని వెనక వరసల్లోకి ఒకసారి చూసి, మళ్ళీ కూర్చుంది. అడిగినవాళ్ళతో, చేతికి వచ్చాక చెప్తాను అంది. అంతదాకా పెద్దింటివాళ్ళకు ఏ కారణానా కోపం తెప్పించకూడదని ఇద్దరూ అనుకున్నారు. ఎవరు పిలిచినా ఇదివరకటి కంటే తొందరగా లేచేవాళ్ళు.

చివరి తొట్టి నిండిన రోజు శుక్రవారం. పొద్దున శ్రుతి మేడమ్ బళ్ళారికి బయలుదేరుతూ బావను పిలిచింది. అన్ని తొట్లలో కళ్ళకూ కరెంటు ఇచ్చామని, తాను తిరిగి వచ్చేదాకా ఏ మూతా ముట్టుకోవద్దని చెప్పింది. కోదండరామి ఇంటివాళ్ళు గంగపూజ చేస్తామన్నారని, మూత మీద చేసుకోమని చెప్పానని కూడా చెప్పింది. బావ తల ఊపాడు.

మా వైపు కొత్తగా తవ్విన బోరుకైనా, కొత్తగా కట్టిన తొట్టికైనా మొదటి నీళ్ళకు గంగపూజ చేస్తారు. పసుపు, కుంకుమ, ఒక పువ్వు నీళ్ళలో వేస్తారు. మేం క్రైస్తవులమైనా ఆ వేళకు చేతులు కట్టుకుని పక్కన నిలబడతాం.

అక్కమ్మ ట్యాంకరులో ముందు కూర్చుని వచ్చింది. ట్యాంకర్లన్నిటికీ చేమంతి దండలు వేశారు. డ్రైవర్లు తలస్నానాలు చేసి, నుదుట బొట్లతో వచ్చారు. చివరి తొట్టి పక్కన చెక్క మెట్లున్నాయి. ఆమె పూజ పళ్ళెంతో మెల్లగా ఎక్కి పైన కూర్చుంది. నేను వంటగది గుమ్మంలోంచి చూస్తున్నాను.

"తెరువు రా," అంది.

"అమ్మా, మేడమ్ మూత మీదనే చేసుకోమనింది."

"మూతకు పూజ చేసేదానికి నేనేమన్నా ఇనుప సామాన్ల అంగడికి వచ్చినానా? ఇవి మా బోరు నీళ్ళు. పసుపు కుంకుమ చూపీకుండా మా ఇంట్లో నీళ్ళ గాబు గూడా నింపలేదు. గంగమ్మ అలిగి బోరు ఎండిపోతే నీ మేడమ్ వచ్చి తవ్విస్తుందా?"

"వెలుతురు పడితే లోపల కళ్ళు పోతాయంట అమ్మా."

"నీళ్ళకు కళ్ళేంది రా? తాగినావా ఏమి?"

డ్రైవర్లు నవ్వారు. బావ కూడా నవ్వబోయాడు. కింద ట్యాంకరుకు ఆనుకుని నిలబడిన కోదండరామి వక్క నములుతూ, నింపాదిగా అన్నాడు. "రేయ్ హనోకా, మీ దేవుడేమన్నా గంగమ్మకు అడ్డం పడతాండాడా? అట్లయితే చెప్పు. ఊళ్ళో అందరికీ అదే చెప్తాం."

నవ్వు ఆగిపోయింది. డ్రైవర్లందరూ బావ వైపు చూస్తున్నారు. అంతకుముందు వాళ్ళు నవ్వినప్పుడు నాకేమీ అనిపించలేదు. నవ్వు ఆగినప్పుడు భయమేసింది.

బావ కిందికి దిగి, లారీ మీది టార్పాలిన్ పట్టా ఒకటి తీసుకున్నాడు. వానలో ఖనిజం తడవకుండా కప్పే పట్టా అది, మందంగా ఉంటుంది. దాన్ని రెండు మడతలు వేసి తన మీదా, అక్కమ్మ మీదా, తొట్టి మూతి మీదా గుడారంలా కప్పాడు. ఆ చీకట్లో మూత తీస్తే లోపలికి వెలుతురు పోదని ఆయన అనుకున్నాడు. అక్కమ్మ మాట పోదు, కళ్ళూ పోవు, గదీ పోదు. బోల్టులు విప్పుతున్న చప్పుడు నాకు వినపడింది.

తర్వాత పట్టా కిందినుంచి అక్కమ్మ గొంతు వచ్చింది. "ఏమీ కనపడలే. పువ్వు నీళ్ళలో పడతాండాదో, బయట పడతాండాదో."

"పడింది లే అమ్మా. మూసేస్తా."

"గమ్మునుండు రా."

పట్టా అంచు ఒక పక్క లేచింది. గాజులున్న ముడతల చెయ్యి ఒకటి ఆ అంచును పట్టుకుని పైకెత్తింది. పొద్దెక్కిన ఎండ నేరుగా లోపలికి పడింది. ఆమె తొట్టిలోకి వంగి, తీరిగ్గా చూసి, పసుపు కుంకుమ చల్లి, రెండు చేతులూ జోడించింది. బావ పట్టాను కిందికి లాగాలని చూశాడు. ఆమె చెయ్యి మీద చెయ్యి వేయలేక ఆగిపోయాడు.

కిందికి దిగాక ఆమె ఒక అరటిపండు బావకు ఇచ్చింది. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు.

శ్రుతి మేడమ్ తిరిగొచ్చి కంప్యూటర్ల గదిలోకి వెళ్ళింది. వెంటనే బయటికి వచ్చి చివరి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. ఆ తొట్టిలో కళ్ళన్నీ పోయాయి. కరెంటు ఆపి, మూత తీయిస్తే పైన చేమంతి తేలుతోంది. వడగట్టిన నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

రెండు రోజులకు పట్నం నుంచి పెద్దసారు వచ్చారు. ఆఫీసు షెడ్డులో బల్ల వేసి అందరినీ కూర్చోబెట్టారు. బావ నిలబడ్డాడు. నేను టీ తీసుకుని వెళ్ళాను.

"నేను మూత మీదనే పెట్టినా," అంటోంది అక్కమ్మ. "వాడు ఎప్పుడు తెరిచినాడో నాకేం తెల్సు? ముసలిదాన్ని, నాకు బోల్టులు విప్పేది వస్తుందా?"

"మా అమ్మ కిందికి దిగి వచ్చినాక తెరిచింటాడు సార్," అన్నాడు కోదండరామి. "వాళ్ళకు మన పూజలంటే కడుపుమంట ఉంటుంది. పూజ చేసిన పువ్వు మూత మీద ఉంటే ఓర్వలేక లోపలికి తోసేసినాడు. నేను చూడలే గానీ, అట్లనే అయ్యుంటుంది."

పెద్దసారు బావ వైపు తిరిగారు. "మూత తెరిచింది ఎవరు?"

"నేనే సార్."

"తెరవొద్దని నీకు చెప్పారా, లేదా?"

"చెప్పినారు సార్."

"మరి ఎందుకు తెరిచావు?"

బావ అక్కమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుంటోంది. కోదండరామి బావను చూసి కొంచెం నవ్వాడు. కోపంగా చూసి ఉంటే బావ చెప్పేవాడేమో. ఆ నవ్వు చూశాక నేల చూపులు చూస్తూ నిలబడిపోయాడు.

నేను టీ పళ్ళెం బల్ల మీద పెట్టి, "అమ్మే తెరవమనింది," అన్నాను. "పట్టా కప్పినాడు. అమ్మే ఎత్తింది. నేను చూసినా."

షెడ్డులో అందరూ నా వైపు చూశారు. కోదండరామి వెనక్కి వాలి, నోరారా నవ్వాడు. "దీనికి నోరుండాదా? ఇన్నేళ్ళు మూగది అనుకుంటిమే. అమ్మా, నీ మీద సాక్షి వచ్చింది చూడు." అక్కమ్మ కూడా నవ్వింది. "మంచిదే, ఇంక పెండ్లి చేయొచ్చు," అంది.

పెద్దసారు నవ్వలేదు. "టీ పెట్టి వెళ్ళమ్మా," అన్నారు.

సాయంత్రం శ్రుతి మేడమ్ వంటగదికి వచ్చింది. నా పక్కన నిలబడి, కడిగిన గ్లాసు ఒకటి తీసుకుని, నీళ్ళు తాగకుండానే కింద పెట్టింది. "నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు," అంది. "సారుకు కూడా తెలుసు. వాళ్ళను కాదంటే రేపు నీళ్ళు ఎవరు తోలుతారు చెప్పు? ఈ కొండ ఎక్కే ట్యాంకర్లన్నీ ఆయనవే."

నేను ఇంకో గ్లాసు కడిగి బోర్లించాను. నా దగ్గర ట్యాంకర్లు లేవు.

ఇంటికి పోయేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. అక్క నన్ను చెంప మీద కొట్టింది. "ఇన్నాళ్ళు లేని మాట ఇప్పుడే రావాల్నా నీ నోటికి? ఆ గది ఎట్లా పాయె. ఈ కొట్టం గూడా పోతే యాడికి పోతాం?" అని, తనే కూర్చుని ఏడ్చింది. బావ మా ఇద్దరి మధ్యా కూర్చుని కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. తినలేదు.

కోదండరామి మమ్మల్ని వెళ్ళగొట్టలేదు. మర్నాడు పొద్దున పెరట్లోకి వచ్చి నిలబడి, "యాడికీ పోబాకండి," అన్నాడు. "నేను అట్లాటోన్ని కాదు. తప్పు ఎవరైనా చేస్తారు. రేయ్, నీతో నాకు పని ఉండాది."

పర్మినెంటు ఉద్యోగం కోదండరామి మేనల్లుడు హర్షకు వచ్చింది. హర్ష ఎత్తుగా, వెడల్పుగా, ఎప్పుడూ సెంటు వాసనతో ఉండేవాడు. కొండ మీది గది కూడా అతనికే ఇచ్చారు. అతను అక్కడ ఉండేవాడు కాదు. మోటారు సైకిలు పెట్టుకుని తాళం వేసుకునేవాడు. వారానికోసారి ఆ గది నేనే ఊడ్చాలి. వంటిల్లు గట్టు మీద ఎప్పుడూ దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు.

పాడైన తొట్టిని ఖాళీ చేయాల్సి వచ్చింది. నీళ్ళు వదిలితే కింది ఊరి ఆడవాళ్ళు బిందెలు తీసుకుని కొండ ఎక్కి వచ్చారు. పసుపు నీళ్ళైనా గొడ్లకు పనికొస్తాయన్నారు. కోదండరామి డ్రైవర్లు అడ్డం నిలబడ్డారు. ఈ పొద్దు ఉత్తినే పట్టుకుంటే రేపు కొనేది ఎవరని ఒకడు అన్నాడు. ఆ తొట్టెడు నీళ్ళూ వాళ్ళు చూస్తుండగానే ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి.

తొట్టి ఖాళీ అయ్యాక, దానిలోకి దిగడానికి హర్ష పనికిరాడని అందరికీ గుర్తొచ్చింది. కోదండరామి బావను కూలికి పంపాడు. అక్క వద్దంది. "నిన్ను తీసేసినోళ్ళ తొట్టిలోకి నువ్వెందుకు దూరాల? వాళ్ళనే దూరమను."

"పిలిచినాడు," అన్నాడు బావ.

ఆయన మళ్ళీ చొక్కా విప్పి దూరాడు. పోయిన గాజు కళ్ళను ఒక్కొక్కటిగా పైకి అందించాడు. కొత్తవి బిగించాడు. సంచి కడిగాడు. హర్ష నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏమప్పా, లోపల ఏసీ బాగుండాదా?" అని మధ్యమధ్యలో అరిచేవాడు. పని అయ్యాక ఎవరి పేరు మీద రాయాలో ఆ పేరు మీద రాసుకున్నారు. ఆ తర్వాత ఏ తొట్టిలో తేడా వచ్చినా అంతే. దూరేది బావ. ఉద్యోగం హర్షది.

అయినా బావ ముఖంలో ఒకలాంటి వెలుగు ఉండేది. ఆయన లేకుండా ఆ తొట్లు పనిచేయవు కదా. ఒకరోజు దారిలో ఆ మాటే అన్నాడు. "హర్షప్ప ఎన్నాళ్ళుంటాడు? విసుగొచ్చి పోతాడు. నేను కాక ఇంకెవరు పడతారు దాంట్లో? మేడమ్ మళ్ళా అడుగుతుంది చూడు."

అక్కతో కూడా అదే అన్నాడట. అక్క దాన్ని నమ్మింది. కొండ మీది గదిలో పొయ్యి ఏ మూల ఉందని ఒకసారి నన్ను అడిగింది.

తొట్లన్నీ పనిచేయడం మొదలై కొంతకాలమయ్యాక శ్రుతి మేడమ్ కంప్యూటర్లో ఆకాశపు పటం వచ్చింది. నన్నూ బావనూ పిలిచి చూపించింది. పటమంతా నీలి మచ్చలు. ఒక్కచోట మాత్రం ఎర్రగా, నిప్పు కణికలా ఉంది. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన చోటు అది అని చెప్పింది. అది ఉందని లోకానికి ముందే తెలుసు గానీ, మన తొట్లు కూడా దాన్ని చూశాయంటే మన పని సరిగ్గా ఉన్నట్టే అంది. బావ ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఇంకా ఏమైనా దొరుకుతాయా మేడమ్?"

"దొరకొచ్చు. ఏళ్ళు పడుతుంది. తొట్లు ఆగకుండా నడవాలి." ఆమె కుర్చీ ఇటు తిప్పుకుంది. చాలా రోజులుగా దాచిన మంచి కబురు చెప్పే ముఖం పెట్టింది. "హనోకూ, నీ గురించి నేను పెద్దసారుకు రాశాను. ఆ ఇరుకులోంచి నిన్ను అన్నిసార్లు పంపడం తప్పు. లోపల నీకు ఏదైనా అయితే బయటికి తీయడానికి ఎవరికీ వీలు కాదు. మూతులన్నీ కోసి పెద్దవి చేయిస్తున్నాం. సారు ఒప్పుకున్నారు. ఇక నీకు ఆ బాధ ఉండదు."

బావ పటం మీది చూపు ఆమె వైపు తిప్పాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజంగానే ఆయన మేలు కోరే చెప్పింది.

"మంచిదే మేడమ్," అన్నాడు.

గ్యాస్ కటింగ్ చేసే గాళెప్పను సండూరు నుంచి తెచ్చారు. సంచులు తీసి, తొట్లను ఒక్కొక్కటిగా ఖాళీ చేసి, మూతులను గుండ్రంగా కోశాడు. నిప్పు రవ్వలు లేస్తుంటే బావ తడి గోనె పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ పని ఆయనకు కోదండరామి ఇచ్చాడు.

కొత్త మూతి పెట్టిన మొదటి తొట్టిలోకి హర్ష దిగాడు. ట్యాంకర్ల డ్రైవర్లు చూడ్డానికి వచ్చారు. బావ నిచ్చెన పట్టుకున్నాడు. మూత వేసి, లైటుతో చుట్టూ తిరగడం ఇంకా మొదలుపెట్టకముందే లోపలినుంచి హర్ష తట్టాడు.

"ఏమీ లేదు. అంతా చీకటే ఉండాది. తీయండప్పా, ఉడికిపోతాండా."

"హర్షప్పా, కళ్ళకు అలవాటు కావాల," అన్నాడు బావ. "కొంచేపు కూర్చుంటే..."

"నువ్వు నిచ్చెన పట్టుకో రా," అన్నాడు కోదండరామి.

మూత తీశారు. హర్ష చొక్కా కూడా నలగకుండా పైకి వచ్చాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. కోదండరామి బావ భుజం తట్టాడు. "ఆయ్తు బిడు, అయిపాయె పో. ఇంక ఈ కొండెక్కే పని లేదు నీకు. రేపట్నుంచి ఇంటికాడనే."

వాళ్ళింటి దగ్గర పని సిద్ధంగానే ఉంది. నీళ్ళ ట్యాంకర్ల లోపల తుప్పు పడుతుంది. ట్యాంకరు పైన ఉండే మూతి తొట్ల మూతి కంటే ఇరుకు. దానిలోంచి దిగి, ఉలితో తుప్పు గీకి, గుడ్డతో తుడవాలి. ఇంతకాలం ఆ పని ఎవరూ చేయలేక ట్యాంకర్లు అట్లాగే ఉండేవి. నీకు తగిన పని దొరికిందని ఊళ్ళో అందరూ బావను మెచ్చుకున్నారు. బస్సు కండక్టరు కూడా.

నేను ఇప్పటికీ కొండ మీద గిన్నెలు కడగడానికే పోతున్నాను. పొద్దున పెరట్లోంచి నడిచేటప్పుడు ట్యాంకరు లోపలినుంచి గీకుతున్న చప్పుడు వినపడుతుంది. అక్క అన్నం పెట్టి పిలుస్తుంది, ఉలి చప్పుడులో లోపలికి వినపడదు. అందుకని నేను వేలి కణుపులతో రేకు మీద కొడతాను.

"బావా, అక్క పిలుస్తాండాది. అన్నం."

చప్పుడు ఆగుతుంది. "వస్తాండా," అంటాడు.

అంతలో పెద్దింట్లోంచి ఎవరో "రేయ్" అంటారు. లోపల ఉలి మళ్ళీ మొదలవుతుంది.